హెల్వి నీమి పాలడబ్బాలు

చలిదేశంలో ఓ సరస్సు ఒడ్డునున్న కివిలా ఊళ్ళో ఖాళీ పాలడబ్బాను చెత్తలో వేసే ధైర్యం ఎవరికీ లేదు. వేస్తే ఆ సంగతి హెల్వి నీమికి ఎలాగో తెలిసిపోతుంది. గ్యాలన్ పాలు పట్టే తెల్లటి ప్లాస్టిక్ డబ్బాను శుభ్రంగా కడిగి, ఆదివారం చర్చికి తెచ్చి, నేలమాళిగలో కాఫీ బల్ల కింద పెట్టి పోవాలి. కడగకుండా తెచ్చినవాళ్ళెవరో ఆవిడ వాసన చూసి చెప్పేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటగదిలో వండి వడ్డించిన మనిషి, వాసనల విషయంలో ఆవిడతో పెట్టుకోకూడదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, హెల్వి అచ్చం ఆ బాపతు. విత్తనాలు వేయాలంటే ఊళ్ళో అందరూ మార్చి దాకా ఆగి, వంటింటి కిటికీలో దీపం కింద ట్రేలు పరిచి, రోజుకు మూడుసార్లు మూత తీసి చూసుకుంటారు. ఈవిడ మాత్రం డిసెంబరులో, గుమ్మం తెరిస్తే ముక్కు ఊడిపోయే చలిలో విత్తుతుంది. డబ్బాను నడుము దగ్గర చుట్టూ కోసి, పిడి కింద రెండు వేళ్ళ మేర కోయకుండా వదిలేస్తుంది. అడుగున కన్నాలు పొడిచి, నాలుగు వేళ్ళ మందాన తడిమట్టి వేసి, గింజలు చల్లి, మళ్ళీ మూసి, చుట్టూ టేపు వేస్తుంది. పై బిరడా తీసి పారేస్తుంది. ఆ తర్వాత పెరట్లో మంచు మీద వరసగా పెట్టి, చేతులు దులుపుకుని లోపలికొచ్చి కాఫీ తాగుతుంది. మళ్ళీ ఏప్రిల్ దాకా వాటి మొహం చూడదు.

"గడ్డకట్టి చస్తాయి కదే!" అని స్నేహితురాలు బెర్నీస్ మొదట్లో గోల పెట్టింది.

"అడవిలో రాలిన గింజని ఎవరు ఇంట్లోకి తెచ్చుకుని దీపం పెడుతున్నారే? దాన్ని చలి తిననీ. తిన్నాకే దానికి లేవాలని బుద్ధి పుడుతుంది," అంది హెల్వి.

మొదటి ఏడాది ఆవిడ పరువు కొంచెం పోయిన మాట నిజమే. ఏ డబ్బాలో ఏ గింజ ఉందో నల్ల మార్కరు పెన్నుతో రాసింది. మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకు మార్చి కల్లా ఒక్క అక్షరం మిగల్లేదు. బెర్నీస్ ఏదో పూలమొక్కలని ముచ్చటపడి ముంగిట్లో నాటుకున్నవి జూలైలో క్యాబేజీలయ్యాయి. ఊరు నెలరోజులు నవ్వుకుంది. ఆ మరుసటి ఏటినుంచి హెల్వి మైనపు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది, అదీ డబ్బా అడుగున, ఎండ తగలని చోట. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి చర్చి ముందు, తపాలా ఆఫీసు ముందు, శ్మశానం గేటు దగ్గర, ఎక్కడ చూసినా ఆవిడ పాలడబ్బాల్లో పుట్టిన పూలే.

ఆవిడకు గర్వం ఉందా అంటే ఉంది. ఉండాలి కూడా. కాకపోతే గర్వానికి తోడు ఒక పాడు అలవాటు కూడా ఉండేది. ఎవరైనా ఎందుకని అడిగితే వివరంగా చెప్పేది కాదు. మొగుడు ఆర్వో అడిగినా సరే, "నీకర్థం కాదులే" అని తోసిపారేసేది. ఆర్వో నలభై ఏళ్ళు దుంగల లారీ తోలిన మనిషి. నాలుగు మాటలు కావాల్సినచోట ఒకటి వాడి మూడు దాచుకునే రకం. ఇక రెండోసారి అడిగేవాడు కాదు.

ఆ ఏడు నవంబరులో ఊరి పంచాయితీ సమావేశంలో గొడవ మొదలైంది. బడి వెనక నుంచి సరస్సు ఒడ్డు దాకా బూడిదరంగు ఇసుక పరుచుకుని ఉంటుంది. పాత రాగిమిల్లు రాయిని దంచి దంచి పారబోసిన దంపుడిసుక అది. మిల్లు మూతపడి మూడు తరాలైనా అందులో గడ్డిపోచ లేచింది లేదు. గాలి వీస్తే ఆ ఇసుక లేచి బడిపిల్లల కళ్ళల్లో పడుతుంది. పంచాయితీ పెద్ద డ్వేన్ హార్యు లేచి, అక్కడ కంకర పోయించి, మంచు మీద నడిపే మోటారుబళ్ళు మోసుకొచ్చే యాత్రికుల లారీలు ఆపుకునే స్థలం చేద్దామన్నాడు.

హెల్వి వెనక వరసలోంచి లేచింది. "నేను మొలిపిస్తాను అక్కడ," అంది.

"హెల్వత్తా, అందులో వందేళ్ళుగా ఏదీ మొలవలేదు. రెండేళ్ళ కిందట నర్సరీనుంచి మంచి మొక్కలు తెప్పించి నాటాం. మూడు వారాలు కూడా బతకలేదు. నీకు తెలీదా?"

"తెలుసు. అద్దాల గదిలో వెచ్చగా ముద్దు చేసి పెంచినవాటిని తెచ్చి ఆ ఇసుకలో నిలబెట్టారు. చావక ఏం చేస్తాయి? చలిలో పుట్టినవైతే బతుకుతాయి."

"పాలడబ్బాల్లోనా?" అన్నాడు డ్వేన్, అందరివైపూ చూసి. గది గొల్లుమంది.

"ఒరేయ్ డ్వేన్, మూడో తరగతిలో బీట్‌రూట్ ముక్కలు తినకుండా బల్ల కింద అంటించిన మొహానివి నువ్వు. ఏది మంచిదో నీకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు," అంది హెల్వి. ఈసారి గది ఇంకా గట్టిగా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక డ్వేన్ కాదనలేకపోయాడు. సెప్టెంబరు మొదటి వారం దాకా గడువిచ్చారు. అప్పటికి ఆ ఇసుకలో మొక్కలు వేళ్ళూనుకుని బతికి ఉంటే ఆ నేల జోలికి ఎవరూ రారు. లేదంటే మర్నాడే కంకర బళ్ళు వస్తాయి. ఊరందరి ముందు ఆడిన మాట. హెల్వి ఇంటికొచ్చి కోటు విప్పకుండానే డబ్బాలు కోయడం మొదలుపెట్టింది.

ఒడ్డు గడ్డి, పసుపుపచ్చగా సాయంత్రం పూసే సంజపూలు, మన జిల్లేడుకు వరసకు చెల్లెలయ్యే పాలమొక్క. అన్నీ ఈ నేలవే, ఆవిడ శరత్కాలంలో తన చేత్తో కోసుకొచ్చిన గింజలే. డిసెంబరు మొదటివారానికి పెరట్లో నూట అరవై డబ్బాలు తేలాయి. వాటి మీద మూరెడు మంచు పడింది. హెల్వి తృప్తిగా నిద్రపోయింది.

జనవరి చివర్లో మార్కెట్ అనే పట్నంలో ఉన్న చెల్లెలికి తుంటి ఆపరేషను జరిగింది. చేదోడుగా ఉండడానికి హెల్వి పన్నెండు రోజులు వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే చలి విరుచుకుపడింది. సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీల దిగువకు దిగిపోయింది. చెట్లు తుపాకులు పేలినట్టు చిట్లాయి.

పదమూడో రోజు మధ్యాహ్నం ఆవిడ బండి దిగి పెరటివైపు చూసింది. మంచు తవ్విన గుంటలున్నాయి గాని డబ్బాలు లేవు. పెరటి చివర సౌనా, అదే ఆవిరిస్నానాల కొట్టం, దాని గొట్టంలోంచి సన్నగా పొగ వస్తోంది. ఆ రోజు మంగళవారం. శనివారం వెలిగించే సౌనాను మంగళవారం ఎవరు వెలిగిస్తారు?

ఆర్వో గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అతని మొహంలో ఎప్పుడూ లేని వెలుగు. "రా, చూపిస్తా," అన్నాడు.

సౌనాలో బట్టలు మార్చుకునే గది నిండా పాలడబ్బాలే. బల్లల మీద, బల్లల కింద, కొయ్య మేకులకు తాడు కట్టి కూడా వేలాడదీశాడు. పొయ్యిలో చిన్న మంట. గది హాయిగా వెచ్చగా ఉంది. ఆర్వోది పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. నడుము పట్టేసినా సౌనా, జలుబు చేసినా సౌనా, మనసు బాగోకపోయినా సౌనా.

"ఒక్కటి కూడా గడ్డకట్టలేదు చూడు. రాత్రి రెండుసార్లు లేచి కట్టె వేశాను," అన్నాడు.

హెల్వి దగ్గరున్న డబ్బా తెరిచింది. లోపల వెంట్రుకల్లాంటి పచ్చటి మొలకలు కిక్కిరిసి ఉన్నాయి. ఇంకోటి తెరిచింది, అందులోనూ అంతే. ఇంకోటి. ఇంకా మూడు నెలల చలి ముందుంది. ఈ మొలకలు బయట బతకవు. లోపల ఉంచితే నర్సరీ మొక్కల్లాగే పీలగా సాగుతాయి.

"గడ్డకట్టాలయ్యా! గడ్డకట్టడానికే కదయ్యా బయట పెట్టింది!"

ఆర్వో మొహంలో వెలుగు ఆరిపోయింది. "నువ్వు చెప్పలేదుగా."

"ఇరవై ఏళ్ళుగా నీ కళ్ళముందే పెడుతున్నానుగా!"

"ఇరవై ఏళ్ళ కిందటే అడిగాను. నీకర్థం కాదులే అన్నావు."

హెల్వి చేతిలోని డబ్బా మూసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"మిగతా ఏళ్ళలో పోతే పూలు పోయేవి. ఈ ఏడు పోతే ఊళ్ళో నీ మాట పోతుంది. చలి చూశాక ఊరికే కూచోలేకపోయాను," అన్నాడు ఆర్వో. ఒక్కసారిగా అన్ని మాటలు అతను పెళ్ళినాడు కూడా మాట్లాడలేదు.

వెచ్చగా సాగినవి ఆ ఇసుకలో ఎలాగూ బతకవని ఆవిడ ఆ రాత్రికే డబ్బాలన్నీ బయట పెట్టించింది. తెల్లారేసరికి మొలకలన్నీ ఉడకబెట్టి పిండిన పాలకూరలా నల్లబడి మట్టికి అతుక్కుపోయాయి. రెండు రోజులు హెల్వి గిన్నెలు ఠంగుమనిపిస్తూ తిరిగింది. కోపం ఆర్వో మీదా, తన మీదా అని ఆవిడకే తేలలేదు. మూడోనాడు బెర్నీస్ వచ్చి యాలకులు వేసిన నిసు రొట్టె కోస్తూ, ఆ మాటా ఈ మాటా మధ్యలో అసలు సంగతి బయటపెట్టింది.

"మీ ఆర్వోకి ఒంట్లో బాగానే ఉందా? రెండు శనివారాలు సౌనా స్నానం చెయ్యలేదట. మావాడు మా సౌనాకి రమ్మన్నా రాలేదు. మంట వదిలి రాకూడదన్నాడట."

హెల్వి చేతిలో కప్పు కిందపెట్టింది. యాభై మూడేళ్ళ కాపురంలో ఆర్వో శనివారం సౌనా మానింది ఒకే ఒక్కసారి, వాళ్ళమ్మ పోయినప్పుడు. ఇప్పుడు తన గింజలు వెచ్చగా ఉండాలని రెండుసార్లు మానేశాడు. కోపం ఎవరి మీదో ఆవిడకు తేలిపోయింది.

మర్నాడు పొద్దున హెల్వి కాఫీ ముందు ఆర్వోకు పోసింది. ఎప్పుడూ ముందు తనకు పోసుకునే మనిషి. వాళ్ళ ఇళ్ళల్లో క్షమాపణ అంటే అంతే, దానికి మాటలుండవు. ఆర్వో కప్పు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"గింజలేమన్నా మిగిలాయా?" అన్నాడు.

"చిటికెడు కూడా లేవు. అన్నీ వేసేశాను."

"రాళ్ళగని మలుపు దగ్గర ఆ పాలమొక్కలుంటాయి. చిలక ముక్కులాంటి కాయలవీ. మంచు పైకి నిలబడే ఉంటాయి."

"నీకెలా తెలుసు?"

"నలభై ఏళ్ళు లోడుతో ఆ ఎత్తు ఎక్కాను. మొదటి గేరులో. పక్కకి చూడక ఏం చేస్తాను?" అని ఒక గుటక తాగి, "పచ్చపూలవి పాత రైలుకట్ట పొడుగునా ఉంటాయి. గడ్డి కావాలంటే వంతెన అవతల," అన్నాడు.

హెల్వి అతని వైపు కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. దారిపక్క మొక్కల గురించి ఈ జిల్లాలో తనకంటే తెలిసినవాడు తన వంటింట్లోనే యాభై మూడేళ్ళుగా రొట్టె తింటున్నాడు.

ఆ వారమంతా ఇద్దరూ మంచులో దిగబడకుండా కాళ్ళకు వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని తిరిగారు. ఎండిపోయిన కాడలు మంచులోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. ఆర్వో కాడ వంచి దిండుగలీబులోకి దులిపేవాడు. సగం కాయలు పిట్టలు ఖాళీ చేసేసినవే. అయినా చలికాలమంతా చలి తిన్న గింజలు అవి, ఇనపగుళ్ళలా గట్టిగా ఉన్నాయి. రెండోనాడు బండిలో తిరిగొస్తుంటే హెల్వి, "ఇప్పుడు అడుగు," అంది.

"ఏం అడగను?"

"ఎందుకు గడ్డకట్టాలో అడుగు."

ఆర్వో అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. గింజ లోపల ఒక తాళం ఉంటుందనీ, తడిసిన చలే దాని తాళంచెవి అనీ, కట్టి కరిగి కట్టి కరిగి పెంకు వదులవుతుందనీ, ఎప్పుడు లేవాలో దానికే తెలుస్తుందనీ, అలా లేచిన మొక్క ఎండకూ గాలికీ భయపడదనీ. ఇల్లొచ్చినా మాటలు అవలేదు. ఇద్దరూ బండి ఆపుకుని అందులోనే కూచున్నారు.

"ఇది నాకెందుకర్థం కాదనుకున్నావు?" అన్నాడు ఆర్వో.

"నాది పొగరు," అంది హెల్వి. ఆ మాట అనడానికి ఆవిడకు మంచులో నడిచినదానికంటే ఎక్కువ ఆయాసం వచ్చింది.

ఫిబ్రవరి నెలాఖరుకు డబ్బాలన్నీ మళ్ళీ నిండి మంచులో కూచున్నాయి. ఈసారి టేపు ఆర్వో వేశాడు. లారీమీద దుంగలకు గొలుసు బిగించినట్టు బిగించాడు. మార్చిలో మళ్ళీ మూరెడు మంచు పడింది. ఆర్వో కిటికీలోంచి చూసి, "పడనీ," అన్నాడు.

ఏప్రిల్ చివర మంచు కుంగి డబ్బాల తలలు బయటపడ్డాయి. మే రెండోవారంలో ఒక పొద్దున ఆర్వో చొక్కా గుండీలు పెట్టుకోకుండానే లోపలికి వచ్చి, ఏమీ అనకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు. డబ్బాల్లో పచ్చదనం. పొట్టిగా, బొద్దుగా, ఆకు అంచులు ఎర్రబారి, కొట్లాటకు వచ్చినట్టున్న మొలకలు. ముప్ఫై డబ్బాలు మొలవలేదు. మిగతావి చాలు.

జూన్ మొదట్లో చర్చి ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద కూచుని దంపుడిసుకలో నాటారు. నాటిన రోజున నీళ్ళు పోశారు, అంతే. డ్వేన్ రోడ్డు మీద బండి ఆపి, అద్దం దింపి, "అత్తా, వాటికి గొడుగులు కూడా పట్టండి," అన్నాడు.

"నీ బీట్‌రూట్‌కి పట్టమంటావా?" అంది హెల్వి తల ఎత్తకుండా.

ఆగస్టులో వాన చుక్క లేదు. ఇసుక పెనంలా కాలింది. కొన్ని మొక్కలు పోయాయి. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ ఒడ్డుకి నడిచి చూసి వచ్చేవాళ్ళు. కానీ మిగిలినవి మిగిలాయి. పైకి జానెడే ఉన్నా వాడలేదు.

సెప్టెంబరు మొదటి శనివారం పంచాయితీ వాళ్ళూ, ఊళ్ళో సగం జనమూ ఒడ్డుకు వచ్చారు. బూడిద ఇసుక మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా పచ్చటి చుక్కలు. డ్వేన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అటూ ఇటూ నడిచి, గడ్డం గోక్కుని, చివరికి అననే అన్నాడు.

"చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ మూడు నెలల నాటి మొక్క జానెడే ఉంటుందా? పోయిన వారం ఎక్కణ్ణించో తెచ్చి గుచ్చలేదని ఏంటి నమ్మకం?"

బెర్నీస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆర్వో ఒక అడుగు ముందుకు వేశాడు. హెల్వి అతని చొక్కా పట్టుకుని ఆపింది. ఆవిడ మొహం ఎర్రబడింది గాని గొంతు మాత్రం బడిలో వడ్డించేటప్పటి గొంతే.

"పీకి చూసుకో. నీకు నచ్చింది నువ్వే ఎంచుకో."

డ్వేన్ వెతికి వెతికి అన్నిటికంటే చిన్న పాలమొక్కను ఎంచుకున్నాడు. రెండు వేళ్ళతో పట్టి లాగాడు. అది కదల్లేదు. పిడికిలి బిగించి లాగాడు. కాడ పుటుక్కున తెగి చేతికొచ్చింది. వేళ్ళ నిండా తెల్లటి పాలు అంటుకున్నాయి. వేరు మాత్రం రాలేదు.

అతను మోకాళ్ళ మీద కూచుని ఇసుక తోడాడు. మణికట్టు దాకా పోయింది చెయ్యి. తెల్లటి వేరు నిటారుగా కిందికే పోతోంది. ఇంకా తోడాడు. ఇస్త్రీ చొక్కాతో సహా బోర్లా పడుకుని, మోచెయ్యి దాకా గుంటలో పెట్టి, బుగ్గ ఇసుకకు ఆనించి తడుముకున్నాడు. వేరు అక్కడా ఆగలేదు. ఊరంతా నిలబడి చూస్తోంది.

డ్వేన్ అలా పడుకునే తల పక్కకు తిప్పి, పంచాయితీ గుమాస్తాతో, "కంకర వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అన్నాడు. తర్వాత హెల్వి వైపు చూశాడు. బీట్‌రూట్ దాచి దొరికిపోయినప్పటి చూపే.

"అత్తా, ఇది ఇంకా ఎంత లోతుకి పోయింది?"

"నాకేం తెలుసురా నాయనా? నేనెప్పుడూ పీకి చూడలేదు," అంది హెల్వి.

ఆర్వో వంగి, రెండు చేతులతో గుంటలోకి ఇసుక తిరిగి తోసి, పైన అరచేత్తో మెల్లగా అదిమాడు.